పైపు చేరని రాజధాని

1955 అక్టోబరులో యమునకు పెద్ద వరద వచ్చింది. వరద తీసిన తర్వాత వజీరాబాద్ దగ్గర నది పాయ మారి, ఢిల్లీకి తాగునీరు తోడే పంపులున్న గట్టు నుంచి ఎడంగా జరిగిపోయింది. ఆ పంపులకు కాస్త దిగువనే నజఫ్‌గఢ్ నాలా యమునలో కలుస్తుంది. నాలా తెచ్చిన మురుగును ముందుకు నెట్టుకుపోవలసిన ప్రవాహం గట్టు వెంట లేకపోవడంతో, మురుగు వెనక్కి మళ్లి పంపుల నోటి దగ్గరకే చేరింది. కొన్ని వారాలకు, డిసెంబరులో, నగరమంతా కామెర్లు కమ్ముకున్నాయి. జనవరి ముగిసేసరికి దాదాపు 29 వేల మంది ఆ జబ్బున పడ్డారు. గర్భిణులలో మరణాలు ఎక్కువగా ఉండటం వైద్యులను కలవరపెట్టింది. ఆ రోజుల్లో దీన్ని మామూలు కామెర్ల వ్యాధిగానే లెక్కగట్టారు. పాతికేళ్ల తర్వాత, భద్రపరచిన అప్పటి రక్త నమూనాలను తిరిగి పరీక్షించినప్పుడు అది హెపటైటిస్-ఎ కాదని తేలింది. నేడు హెపటైటిస్-ఇ అని పిలుస్తున్న వ్యాధి చరిత్రలో మొదటి అధ్యాయం ఢిల్లీదే.

ప్రభుత్వం వేగంగానే కదిలింది. 1959 నాటికి వజీరాబాద్ వద్ద బ్యారేజీ వెలసింది. తాగునీరు బ్యారేజీకి ఎగువన, నజఫ్‌గఢ్ నాలా కలిసే చోటు దిగువన. రెంటికీ మధ్య కాంక్రీటు అడ్డుకట్ట. కుళాయి నీళ్లు తాగే ఢిల్లీ కుదుటపడింది. నాలా మాత్రం ఎప్పటిలాగే పారుతూ వచ్చింది. రాజస్థాన్‌లోని ఆరావళి కొండల నుంచి దిగివచ్చే సాహిబీ అనే నదికి అది చివరి భాగమన్న సంగతి ఈనాడు ఢిల్లీలో ఎందరికి తెలుసునో చెప్పలేం. రాజధాని మురుగు చరిత్ర యావత్తూ ఈ బ్యారేజీ కథలో ఇమిడి ఉంది. మురుగు ఎవరి గ్లాసులోకి వచ్చిందన్నదాన్ని బట్టి దానికి పరిష్కారం దొరుకుతుంది. అది ఇతరుల వాకిట్లో నిలిచి ఉన్నంత కాలం అత్యవసర సమస్య కాబోదు.

ఈ లెక్క స్వతంత్ర భారతం కనిపెట్టింది కాదు. పదిహేడవ శతాబ్దిలో షాజహాన్ కట్టించిన షాజహానాబాద్‌లో చాందినీ చౌక్ నడుమ కాలువ పారేది. ఇళ్లలోని మలాన్ని మాత్రం మెహతర్లు గంపలకెత్తి మోసుకుపోయేవారు. ఫలానా వీధిలోని ఫలానా ఇళ్లు ఫలానా కుటుంబానివన్న వాడుక హక్కు వారికి ఉండేది. ఎత్తిన మలాన్ని ఊరి వెలుపలి రైతులకు ఎరువుగా అమ్ముకునేవారు. నీచమని సమాజం ముద్ర వేసిన పనిలోనే వారికి కొంత బేరమాడే బలం ఉండేది. 1863లో ఏర్పడిన ఢిల్లీ మున్సిపాలిటీకి ఈ ఎరువు ఆదాయంగా కనిపించింది. పందొమ్మిదవ శతాబ్ది చివరి దశాబ్దాలలో ఎరువు మీద హక్కును అది తన చేతిలోకి తీసుకోబోయింది. మెహతర్లు ప్రతిఘటించారు, పని మానేశారు. చివరికి వాడుక హక్కు పోయింది, గంప మిగిలింది. హక్కుదారులు జీతగాళ్లుగా మారిన ఈ క్రమాన్ని చరిత్రకారుడు విజయ్ ప్రషాద్ ‘అన్‌టచబుల్ ఫ్రీడమ్’ గ్రంథంలో వివరంగా చిత్రించారు. పారిశుధ్యం అన్న మాట వినగానే పురోగతి అని తల ఊపేవారు ఆ పుస్తకాన్ని ఒకసారి తిరగేయడం మంచిది.

1911 డిసెంబరులో రాజధానిని కలకత్తా నుంచి మారుస్తున్నట్లు దర్బారులో ప్రకటించారు. 1931లో కొత్త ఢిల్లీ ప్రారంభమైంది. విశాలమైన బంగళాలకు, సచివాలయానికి భూగర్భ మురుగు పైపులు వేశారు. 1937లో ఓఖ్లాలో మురుగు శుద్ధి కేంద్రం వచ్చింది. కొన్ని కిలోమీటర్ల దూరంలోని పాత నగరంలో పాకీ దొడ్లు, గంపలు, బండ్లు కొనసాగాయి. అదే 1937లో పాత నగరపు ఇరుకును తగ్గించేందుకంటూ ఢిల్లీ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టును నెలకొల్పారు. కొత్త రాజధానికి నీటితో కొట్టుకుపోయే మరుగుదొడ్డి, పాత నగరానికి మనిషి ఎత్తే మరుగుదొడ్డి. ఖజానా ఒకటే.

1946 ఏప్రిల్ నుంచి 1947 జూన్ వరకు గాంధీజీ ఢిల్లీలో ఉన్నప్పుడల్లా ఎక్కువగా బస చేసినది నేటి మందిర్ మార్గ్‌లోని వాల్మీకి బస్తీలోనే. కేబినెట్ మిషన్ పెద్దలు ఆయనతో సంప్రదింపులకు అక్కడికే వచ్చారు. దేశ విభజనపై మంతనాలు నగరాన్ని శుభ్రం చేసేవారి ఇళ్ల మధ్య సాగాయి. 2014 అక్టోబరు 2న ప్రధాని నరేంద్ర మోదీ చీపురు పట్టి స్వచ్ఛ భారత్‌ను ఆరంభించినదీ ఆ బస్తీలోనే. రెండు తేదీల నడుమ దాదాపు డెబ్బై ఏళ్లు. బస్తీలో వృత్తి మారిందా అని అడిగిన వారు తక్కువ.

విభజన ఢిల్లీ రూపురేఖలను మార్చివేసింది. 1941లో 9 లక్షలకు కాస్త పైన ఉన్న జనాభా 1951 నాటికి 17 లక్షలు దాటింది. 1957లో ఢిల్లీ అభివృద్ధి సంస్థ, డీడీఏ, ఏర్పడింది. 1962లో తొలి మాస్టర్ ప్లాను అమలులోకి వచ్చింది. భూమి అంతటినీ ప్రభుత్వమే సేకరించి, ప్రభుత్వమే అభివృద్ధి చేసి, ప్రభుత్వమే పంచుతుందన్నది ఆ ప్రణాళిక సంకల్పం. సంకల్పం ఘనమే. పంపకం మాత్రం జనం రాకతో పరుగెత్తలేకపోయింది. నగర అంచున రైతుల పొలాలను మధ్యవర్తులు చిన్న చిన్న ప్లాట్లుగా కోసి, కాగితం మీద ముక్తార్‌నామా రాసి అమ్మసాగారు. కొన్నవారు గుమస్తాలు, ఆటో డ్రైవర్లు, తాపీ మేస్త్రీలు, చిల్లర దుకాణదారులు. ఈ కాలనీలకు ‘అనధికార’ అన్న విశేషణం స్థిరపడింది. అనధికార కాలనీలో మురుగు పైపు వేస్తే దాన్ని గుర్తించినట్లవుతుందన్న భయంతో పైపు వేయలేదు. పైపు లేదు గనుక ప్రతి ఇంటి కింద ఒక గుంత వెలసింది.

ఆ గుంత గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. సెప్టిక్ ట్యాంకు ఐరోపా నుంచి వచ్చిన ఏర్పాటు. ఫ్రాన్సులో మూరాస్ అనే వ్యక్తి 1881లో దానికి పూర్వరూపమైన తొట్టికి పేటెంటు పొందారు. ఇంగ్లండులోని ఎక్సెటర్ నగరంలో 1895లో డొనాల్డ్ కామెరాన్ అనే ఇంజినీరు దానికి ఇప్పుడున్న పేరు పెట్టారు. సూత్రం సులభం. మరుగుదొడ్డి నుంచి వచ్చినది గాలి చొరని తొట్టిలో నిలుస్తుంది. బరువైనది మడ్డిగా అడుగుకు దిగుతుంది, తేలికైనది తెట్టుగా పైన కడుతుంది. నడుమనున్న నీరు బయటి గొట్టం గుండా ఇంకుడు గుంతలోకి పోయి నేలలోకి ఇంకుతుంది. మడ్డిని రెండు మూడేళ్లకొకసారి తోడించాలి. అంటే ఈ ఏర్పాటు పనిచేయాలంటే మూడు కావాలి: ఇంటి వెనుక ఖాళీ నేల, నీరు పీల్చగల మట్టి, మడ్డిని తీసుకుపోయి శుద్ధి చేసే చోటు.

ఇరవై అయిదు, యాభై గజాల ప్లాటులో నాలుగంతస్తులు లేచిన ఢిల్లీ కాలనీలో ఈ మూడింట ఒక్కటీ లేదు. తొట్టి మెట్ల కిందో, వాకిట్లోనో, కొన్నిచోట్ల పడకగది నేల కిందో ఉంటుంది. ఇంకుడు గుంతకు చోటు లేదు. అందువల్ల తొట్టి బయటి గొట్టాన్ని వీధి పక్కనున్న వాననీటి కాలువలోకి వదులుతారు. కొందరు తొట్టికి అడుగు కట్టనే కట్టరు. అడుగు లేకపోతే నిండదు, నిండకపోతే తోడించే ఖర్చు లేదు. ఖర్చు తప్పుతుంది, అదే గల్లీలోని చేతి పంపుకు మురుగు చేరుతుంది. నిండిన తొట్టిని తోడే ప్రైవేటు ట్యాంకరు దూరం వెళితే డీజిలు దండగ. కాబట్టి దగ్గరలోని నాలా గట్టున, తరచు రాత్రి వేళ, గొట్టం వదులుతాడు. వాననీటి కాలువ నుంచి వచ్చినా, ట్యాంకరు నుంచి వచ్చినా, పశ్చిమ ఢిల్లీ మురుగు చాలా వరకు చేరేది నజఫ్‌గఢ్ నాలాలోకే, అంటే 1955 నాటి చోటికే. వజీరాబాద్ నుంచి ఓఖ్లా వరకు యమున నడిచేది 22 కిలోమీటర్లు, మొత్తం నది పొడవులో రెండు శాతానికి లోపు. నది మోసే కాలుష్యంలో ముప్పాతిక వంతు మాత్రం ఆ కాస్త దూరంలోనే కలుస్తోందని కాలుష్య నియంత్రణ మండలి లెక్కలు ఏళ్ల తరబడి చెబుతున్నాయి.

పైపు లేకపోవడం అనధికార కాలనీలకే పరిమితం కాలేదన్నది ఇక్కడ మరువరాని సంగతి. ఎమర్జెన్సీ కాలంలో నగరం నడిబొడ్డునున్న బస్తీలను కూల్చి లక్షలాది మందిని యమున ఆవలికి, పొలిమేరలకు తరలించారు. వారికి ప్రభుత్వమే కొలిచి ఇచ్చిన ప్లాట్లు 25 గజాలవి. మరుగుదొడ్లు ఉమ్మడివి, నీరు లోతులేని చేతి పంపులది. 1988 వానాకాలంలో ఆ పునరావాస కాలనీలలో కలరా, వాంతులు, విరేచనాలు విజృంభించాయి. భూగర్భ జలాల్లోకి మురుగు దిగిందని పరీక్షలు తేల్చాయి. ప్రాణాలు పోయినవారిలో పిల్లలు ఎందరో. 1955తో పోల్చి చూస్తే జరిగింది ఒకటే, మురుగు తాగునీటిలో కలిసింది. 1955 తర్వాత బ్యారేజీ కట్టారు. 1988లో చేతి పంపులకు ఎర్ర రంగు పూసి, నీళ్లు కాచి తాగమని జనానికి బోధించారు.

అయితే పైపు లేని ఢిల్లీ అంతా పేదది అనుకోవడానికి లేదు. దక్షిణ ఢిల్లీలోని సైనిక్ ఫార్మ్స్ వంటి సంపన్న అనధికార కాలనీలలోనూ పురపాలక మురుగు వ్యవస్థ లేదు. అక్కడ ఇంటి వెనుక కావలసినంత నేల ఉంది. సొంత శుద్ధి యంత్రానికి డబ్బు ఉంది. ట్యాంకరు పిలిస్తే వస్తుంది. చట్టం దృష్టిలో ఇద్దరిదీ ఒకే ఉల్లంఘన, అయినా సంగమ్ విహార్ గల్లీలో నిలిచే మురుగు సైనిక్ ఫార్మ్స్‌లో నిలవదు.

రాజధాని సరిహద్దు దాటితే మరో నమూనా కనిపిస్తుంది. హర్యానా 1975లో తెచ్చిన పట్టణ ప్రాంతాల చట్టం ప్రైవేటు సంస్థలకు కాలనీలు కట్టే లైసెన్సు ఇచ్చింది. గుర్గావ్ ఆ చట్టం బిడ్డ. ప్రహరీ లోపలి మురుగు బిల్డరుది, ప్రహరీ బయటి ప్రధాన పైపు సర్కారుది అన్నది ఒప్పందం. టవర్లు ముందు లేచాయి, ప్రధాన పైపు తాపీగా వచ్చింది. నడుమనున్న సంవత్సరాలను ట్యాంకర్లు నింపాయి. గుర్గావ్ కాలువలు కూడా చివరికి నజఫ్‌గఢ్ నాలాలోనే కలుస్తాయి కనుక హర్యానా మురుగు ఢిల్లీ పద్దులో పడుతుంది, రెండు ప్రభుత్వాలూ ఒకదాన్నొకటి వేలెత్తి చూపుకుంటాయి. ఉత్తరప్రదేశ్ వైపు, నోయిడా అద్దాల మేడలకు కూతవేటు దూరంలో, ఘజియాబాద్ జిల్లాలోని ఖోడా కాలనీ దశాబ్దాలు పైపు ఎరుగకుండానే లక్షల జనాభాకు ఎదిగింది. మూడు పాలనా యంత్రాంగాల హద్దులు కలిసే చోట ఉండటం దాని దౌర్భాగ్యం.

ఇక తొట్టిలోకి దిగే మనిషి. మడ్డి కుళ్లేటప్పుడు మీథేన్, హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువులు పుడతాయి. రెండవది తక్కువ మోతాదులో కుళ్లిన గుడ్డు కంపు కొడుతుంది. మోతాదు పెరిగితే ముక్కు వాసన పట్టే శక్తినే చంపేస్తుంది. కంపు పోయింది గనుక ప్రమాదం తప్పిందని దిగినవాడు భ్రమపడతాడు. ఒకటి రెండు గుక్కలలో స్పృహ తప్పుతుంది. పైనున్నవాడు తోటివాణ్ణి కాపాడటానికి దిగుతాడు, అతని వెనుక మూడోవాడు. ఢిల్లీ వార్తలలో ఈ మరణాలు ఎప్పుడూ ముగ్గురు, నలుగురు, అయిదుగురుగా రావడానికి కారణం అదే. 2017 జూలైలో ఘిటోర్నీలో నలుగురు, ఆ మరుసటి నెల లాజ్‌పత్ నగర్‌లో ముగ్గురు, 2018 సెప్టెంబరులో మోతీ నగర్‌లోని ఒక ఖరీదైన గృహ సముదాయపు శుద్ధి తొట్టిలో అయిదుగురు.

చట్టం లేక ఇది సాగడం లేదు. 1993లో పార్లమెంటు పాకీ పనిని, పాకీ దొడ్ల నిర్మాణాన్ని నిషేధించింది. పారిశుధ్యం రాష్ట్రాల అంశం కావడంతో ఆరు రాష్ట్రాల శాసనసభల తీర్మానాలను ఆధారం చేసుకొని ఆ చట్టం వచ్చింది. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. చట్టాన్ని కాగితం నుంచి కదిలించడానికి నడుం కట్టిన సఫాయి కర్మచారీ ఆందోళన్‌కూ తెలుగు మూలాలున్నాయి. దాన్ని స్థాపించిన వారిలో ప్రధానుడు బెజవాడ విల్సన్. కోలార్ బంగారు గనుల పట్టణంలో తరాలుగా పాకీ పనికి కట్టుబడిన తెలుగు కుటుంబంలో పుట్టినవాడు. ఆయనకు వెన్నుదన్నుగా నిలిచింది ఆంధ్ర కేడరు విశ్రాంత ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్. వెట్టి చాకిరీ నిర్మూలనకు జీవితం ధారపోసిన శంకరన్ 2010లో హైదరాబాద్‌లో కన్నుమూశారు. 2003లో ఆందోళన్ సుప్రీంకోర్టు తలుపు తట్టింది. రాష్ట్రాలు తమ దగ్గర పాకీ పనే లేదని ప్రమాణపత్రాలు దాఖలు చేస్తూ పోయాయి, ఆందోళన్ ఫొటోలు, పేర్లు కోర్టు ముందుంచుతూ పోయింది. 2013లో కొత్త చట్టం వచ్చింది. 2014 మార్చి 27న తీర్పు వెలువడింది. 1993 తర్వాత మురుగు కాలువల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో మరణించిన ప్రతి ఒక్కరి కుటుంబానికి 10 లక్షల రూపాయలు చెల్లించాలని ప్రధాన న్యాయమూర్తి సదాశివం నేతృత్వంలోని ధర్మాసనం ఆదేశించింది. తర్వాతి కాలంలో ప్రధాన న్యాయమూర్తి అయిన ఎన్.వి. రమణ ఆ ధర్మాసనంలో సభ్యులు. 2023 అక్టోబరులో ఆ పరిహారాన్ని మరో ధర్మాసనం 30 లక్షలకు పెంచింది.

2013 చట్టంలో ఒక మెలిక ఉంది. పాకీ పనివారికి ఒక నిర్వచనం, మురుగు కాలువలను, సెప్టిక్ ట్యాంకులను రక్షణ పరికరాలు లేకుండా శుభ్రం చేసే ‘ప్రమాదకర శుద్ధి’కి మరొక నిర్వచనం. రెండవదానికి మొదటి నేరంలోనే రెండేళ్ల జైలు, రెండు లక్షల జరిమానా వరకు శిక్ష రాసి ఉంది. కానీ 2021 జూలైలో రాజ్యసభలో అడిగిన ప్రశ్నకు, పాకీ పని వల్ల మరణాలేవీ నమోదు కాలేదని కేంద్ర మంత్రి రాందాస్ అఠావలే లిఖితపూర్వకంగా బదులిచ్చారు. చనిపోయినవారు ప్రమాదకర శుద్ధి లెక్కలోకి వస్తారు గనుక, నిర్వచనం ప్రకారం అది అబద్ధం కాదు. పార్లమెంటరీ భాషకు ఇంతకన్నా నిఖార్సయిన నమూనా దొరకడం కష్టం.

పైపు ఒక్కటే మార్గమా అంటే కాదు. మార్గాలు చాలాకాలంగా ఉన్నాయి. బిందేశ్వర్ పాఠక్ 1970లో బిహార్‌లో ఆరంభించిన సులభ్ సంస్థ జంట గుంతల మరుగుదొడ్డిని ప్రచారం చేసింది. ఒక గుంత నిండగానే రెండోదానికి మళ్లిస్తారు. మొదటిది ఒకటి రెండేళ్లలో వాసన లేని ఎరువవుతుంది, ఎవరూ పచ్చి మలాన్ని ముట్టనక్కరలేదు. ఆ సంస్థ మరుగుదొడ్ల మ్యూజియం ఢిల్లీ పాలం ప్రాంతంలోనే ఉంది, విదేశీ అతిథులు చూసి వెళుతుంటారు. అయితే జంట గుంతలకు రెండు గుంతల చోటు కావాలి, 25 గజాలలో అది కుదరదు. అక్కడ మిగిలేది యంత్రంతో మడ్డిని తోడి, లెక్కగా రవాణా చేసి, శుద్ధి చేసే పద్ధతి. ఈ విషయంలో ఢిల్లీ కన్నా వరంగల్ ముందు మేల్కొంది. 2016లోనే అక్కడి నగరపాలక సంస్థ మడ్డి తోడే వాహనాలకు లైసెన్సులు, తోడేవారికి శిక్షణ నిర్దేశిస్తూ నియమాలు తెచ్చి, ఆపై మల వ్యర్థాల శుద్ధి కేంద్రాన్ని నెలకొల్పింది. ఢిల్లీ జల్ బోర్డు నియమాలు 2018లో వచ్చాయి. 2019 ఫిబ్రవరిలో మురుగు కాలువలు శుభ్రం చేసే 200 యంత్రాలను ఢిల్లీ ప్రభుత్వం ప్రారంభించింది. ఇరుకు గల్లీలలోకి వెళ్లగల చిన్న బండ్లవి. వాటిని నడిపే బాధ్యతను సఫాయి పనివారి కుటుంబాలకు అప్పగించడం మెచ్చదగిన ఆలోచన. ఆ ఏడాది నవంబరులో, ఎన్నికలకు మూడు నెలల ముందు, ఇళ్ల సెప్టిక్ ట్యాంకులను 80 లారీలతో ఉచితంగా తోడిస్తామని ముఖ్యమంత్రి కేజ్రీవాల్ ప్రకటించారు.

ఎన్నికలకు ముందు అన్న మాట ఈ చరిత్రలో యాదృచ్ఛికం కాదు. 2008 అక్టోబరులో, శాసనసభ ఎన్నికల ముంగిట, షీలా దీక్షిత్ ప్రభుత్వం 1,218 కాలనీలకు తాత్కాలిక క్రమబద్ధీకరణ పత్రాలు పంచింది. 2019 డిసెంబరులో కేంద్రం 1,731 కాలనీల నివాసులకు యాజమాన్య హక్కులిచ్చే చట్టం చేసింది. సైనిక్ ఫార్మ్స్ సహా 69 సంపన్న కాలనీలను మినహాయించింది. రాంలీలా మైదానంలో కృతజ్ఞతా సభ జరిగింది. యాజమాన్య పత్రం వచ్చినంత మాత్రాన పైపు రాదని, ఆ రెండూ వేర్వేరు శాఖల దస్త్రాలని సభలో ఎవరూ ప్రస్తావించలేదు. 2025 ఎన్నికల నాటికి యమునలో మునక వేస్తానన్న కేజ్రీవాల్ హామీ ఆ ఎన్నికలలో ఆయన మీదికే తిరిగింది. ఫిబ్రవరిలో బీజేపీ 70 స్థానాలకు 48 గెలిచింది, యమున శుద్ధి కొత్త ప్రభుత్వపు మొదటి వాగ్దానాలలో చేరింది.

ఆ పోలింగుకు వారం ముందు, 2025 జనవరి 29న, ఢిల్లీ, హైదరాబాద్ సహా ఆరు మహానగరాలలో మనుషులతో మురుగు కాలువలు శుభ్రం చేయించడాన్ని సుప్రీంకోర్టు నిషేధించింది. ఎప్పుడు, ఎలా ఆపారో చెబుతూ ప్రమాణపత్రాలు దాఖలు చేయాలని ఆయా నగరాల అధికారులను ఆదేశించింది. 2003 నుంచి కోర్టు దస్త్రంలో పోగుపడిన ప్రమాణపత్రాల కట్టలో అవి కూడా చేరాయి.